ఇంగ్లీషు పీరియడు, గేమ్స్ సారు

ఇంగ్లీషు టీచరు కాన్పుకు పోయింది.
నా మెడల ఈల చూసుకుంట గూడ హెడ్‌మాస్టరు
"ఆటలల్ల పుట్టిన మాటలే గదా, నువ్వే చెప్పు" అని
పుస్తకం చేతిల వెట్టిండు.
మర్రిగూడ రోడ్డు మీది బడి. ఎనిమిదో క్లాసు.
ఫ్యాన్లు మూడు, తిరిగేది ఒకటి.

బోర్డు మీద మొదటిది రాసిన:
బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్.
ఇగ వంతు నీది, ఏం జేస్తవో నీ ఇష్టం, అన్న.
ఐతగోని నవనీత లేచింది.
"మా పొలం గూడ కోర్టులనే ఉన్నది సార్.
పదకొండేండ్లాయె. వంతే రాలె."
అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన,
నవ్వి, బోర్డు దిక్కు మర్లి
ఉత్తగనే సుద్దముక్క అరగదీసిన.

రెండోది, తువ్వాల ఇసురుడు.
బాక్సింగుల దెబ్బలు తినేటోని మనిషి
బరిలకు తువ్వాల ఇసిరిండంటే
ఇగ మాతోని కాదు, ఓడిపోయినం అన్నట్టు.
జానయ్య ఒప్పుకోలె.
"దేవరకొండ బస్టాండుల మా నాయిన
కిటికీలకెల్లి తువ్వాల ఏసిండంటే సీటు మాదే సార్.
దాన్ని తీసి కూసున్నోడు ఇంతవరకు లేడు."
ఏం జెప్పాలె?
గదే తువ్వాల. ఆడ ఓటమి,
ఈడ హైదరాబాదు దాక కూసోని పోయే హక్కు.
రెండూ రాసుకోండ్రి అన్న.
పరీక్షల మటుకు మొదటిదే రాయుండ్రి అన్న.

మూడోది: లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్.
అందరికి సాపు నేల.
పిల్లలు నన్ను చూడలె, కిటికీలకెల్లి గ్రౌండును చూసిన్రు.
సర్కారు తుమ్మల దిక్కు ఎత్తు, బోరింగు దిక్కు పల్లం.
ఎత్తుకు కూతకు వోతే సగం దమ్ము ఆన్నే అయిపోతది.
రమావత్ మోతి అన్నడు:
"సాపు లేకున్న ఏంగాదు సార్.
సగం ఆటకు జాగలు మారుతం గదా.
మారకపోతేనే తొండి."

నాకు అండాలక్క యాదికొచ్చింది.
ఒక్క కడుపుల పుట్టినం. నీళ్లే వేరు.
నన్ను అమ్మమ్మ తోల్కపోయి పెంచింది.
అక్క ఈ ఊరి చేదబాయి నీళ్లు తాగింది.
పదేండ్లు నిండకముందే మోకాళ్లు దొడ్డిగాళ్లయినయ్,
ఇల్లు ఊడ్వ వంగితే మల్ల నిలవడనీకె గోడ కావాలె.
ఎండకాలం సెలవులకు నేనొచ్చి ఉరికేటోణ్ని.
అక్క ఆటల అరటిపండు.
ముట్టినా ఔటు గాదు, ముట్టిచ్చినా ఔటు గాదు.
గీత పక్కన రాయి మీద కూసోని
చెవులు రిక్కిచ్చి కూత వినేది.
ఎవనిదన్న దమ్ము ఇంత తెగిందో
"ఇడిసిండు! ఇడిసిండు!" అని లేవకుంటనే లేసినంత అరుపు.
నేను తొండి చేస్తే నన్ను గూడ వట్టిచ్చేది.
ఎన్ని ఎండకాలాలు పోయినా
ఆ రాయి మీదికెల్లి ఆమె జాగ మారలె.

"ఆటల అరటిపండును ఇంగ్లీషుల ఏమంటరు సార్?"
వెనక బెంచి. ఎవరో మొఖం చూడలె.
పుస్తకం ముందుకు తిప్పిన, వెనుకకు తిప్పిన.
పాఠంల లేదు.
నాలుగోది, సేవ్డ్ బై ద బెల్, సగం రాసిన్నో లేదో
గంట కొట్టిన్రు.
అర్థం చెప్పే పని పడలె.

ఇంటర్వెల్ల అక్కకు ఫోన్ చేసిన.
చండూరుల జాకెట్లు కుడ్తది,
మిషిని సప్పుడు ఆపకుంటనే మాట్లాడ్తది.
ఇంగ్లీషుల ఏమంటరే అని అడిగిన.
మిషిని ఆగింది.
"అంపైర్ అంటర్రా.
గంత గూడ తెల్వదా, ఏం గేమ్స్ సారువు?"
అని, మల్ల తొక్కుడు మొదలువెట్టింది.

గ్రౌండుల పిల్లలు టాసు ఏస్తున్నరు
ఎవరికి ఎత్తు, ఎవరికి పల్లం అని.
నేను ఈల ఊదలె.
గీత పక్కన ఒక రాయి తెచ్చి ఏసి,
కూత వినుకుంట కూసున్న.